చిజు చేతులు

అక్టోబరు నెల, సాయంత్రం ఐదు గంటలు. జపానులోని హచినోహె రేవు వెనక సందులో సుమియె అప్పుడే ఎర్ర కాగితపు లాంతరు వెలిగించి, గుమ్మానికి నీలం గుడ్డ వేలాడదీసి లోపలికి వచ్చింది. హమనాసు అనే ఆ దుకాణంలో ఉన్నవి తొమ్మిది కుర్చీలు, ఒక పొడవాటి చెక్క బల్ల, బల్లకు అవతల బొగ్గుల పొయ్యి. పొయ్యి వెనక తెర, ఆ తెర వెనక వంటగది. అంతే. తండ్రి పెట్టిన దుకాణం. నలభై ఎనిమిదేళ్ళుగా సుమియె ఆ బల్ల వెనకే నిలబడి జనానికి మందు పోస్తోంది, వడ్డిస్తోంది.

మూల కుర్చీలో నరూమి ముందే వచ్చి కూర్చున్నాడు. పడవల ఇంజన్లు బాగుచేసి చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి, ఎనభైకి దగ్గర పడ్డాడు. సుమియె తండ్రితో కలిసి తాగినవాడు కనుక అరవై ఏడేళ్ళ సుమియెను ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"అమ్మాయ్, ఇవాళ కానాగంత ఎలా ఉంది?"

"బాగా కొవ్వు పట్టింది బాబాయ్. నీకు మల్లే."

"నా కొవ్వంతా కరిగి పదేళ్ళయింది. వెనిగర్‌లో ఊరినది నాలుగు ముక్కలు కొయ్యి. పల్చగా కాదు, మీ నాన్న కోసినట్టు."

అప్పుడే తలుపు పక్కకు జరిగింది. ఒక విదేశీ ఆవిడ తల వంచుకుని గుడ్డ కిందుగా లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, వాన కోటు, వీపున సంచి. ఒక వేలు ఎత్తి చూపింది, ఒక్కదాన్నే అన్నట్టు.

విదేశీయులంటే సుమియెకు బెరుకు లేదు. వాళ్ళ మాట తనకు రాదు, తన మాట వాళ్ళకు రాదు. చూపించడానికి వేలుంది, ఎదురుగా చేపలున్నాయి, పని జరిగిపోతుంది. నరూమి పక్క కుర్చీ చూపించి వేడి తువ్వాలు ఇచ్చింది. ముల్లంగి, స్క్విడ్ కలిపి ఉడికించిన చిన్న గిన్నె ముందు పెట్టింది. ఆవిడ గిన్నె వంక చూసి, నేను అడగలేదే అన్నట్టు కనుబొమలు ఎత్తింది.

"ఇది అందరికీ ముందుగా పెట్టేదేనమ్మా, తినండి," అంది సుమియె.

ఆవిడ సుమియె పెదవుల వంకే చూసింది. మాట అర్థం కాని వాళ్ళు సాధారణంగా కళ్ళలోకి చూసి నవ్వేస్తారు. ఈవిడ చూపు పెదవుల మీద నిలిచిపోయింది.

నరూమి గొంతు సవరించుకుని, జీవితంలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఏ దేశం అని అడిగాడు. ఆవిడ తల తిప్పలేదు. మళ్ళీ అడిగాడు, ఈసారి ఇంజను గదిలో అరిచినట్టు. లాభం లేదు.

"చూశావా అమ్మాయ్, ఎంత పొగరో! పలకరిస్తే తిరిగైనా చూడదు."

"నీ ఇంగ్లీషుకి జడుసుకుని ఉంటుంది బాబాయ్. పాపం, వదిలెయ్."

నవ్వుతూ పొయ్యి వైపు తిరగబోయిన సుమియె మోచేయి తగిలి ఇనప మూత నేల మీద పడింది. ఆ ఇరుకు గదిలో అది బాంబు పేలినట్టు మోగింది. నరూమి గ్లాసు ఒలకబోసుకుని, "చంపేశావు కదే!" అన్నాడు. విదేశీ ఆవిడ మాత్రం చాప్‌స్టిక్స్‌తో ముల్లంగి ముక్క పట్టుకునే ప్రయత్నంలో ఉంది. రెప్ప కూడా వేయలేదు.

మూత తీయడానికి వంగిన సుమియె కాసేపు అలాగే వంగి ఉండిపోయింది. మూతలు పడ్డా రెప్ప వేయని మనిషితో ఆమె యాభై ఏళ్ళకు పైగా ఒకే కప్పు కింద బతికింది.

విదేశీ ఆవిడ మాత్రం హుషారుగా ఉంది. అరచేతిని చేపలా ఈదించి, రెండో చేతి వేళ్ళను దాని కింద మంటలా ఆడించింది. కాల్చిన చేప కావాలన్నమాట. ఏ చేప అని సుమియె రెండు మూడు చూపిస్తే, ఒకదాన్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది, ఇంకోదాని కళ్ళు చూసి తనూ కళ్ళు తేలేసింది. నరూమికి నవ్వొచ్చింది. పొగరు సంగతి మర్చిపోయి తన పళ్ళెం ఆవిడ ముందుకు జరిపాడు.

"తిని చూడమ్మా. ఇలాంటిది మీ దేశంలో ఉండదు."

ఆవిడ ఊరిన కానాగంత ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచి, చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది.

"చెవి వినపడదంటోంది," అన్నాడు నరూమి, గొంతు తగ్గించి. "అయ్యో, నేను తెలియక..."

"కాదు బాబాయ్. బాగుందంటోంది," అంది సుమియె. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ మాట అంటూండగానే సుమియె కుడిచెయ్యి, ఎవరో లేపినట్టు లేచి, అరచేత్తో తన చెంపను రెండుసార్లు తట్టింది.

అలా చెంప తడితే, చేతులతో మాట్లాడుకునే వాళ్ళలో, రుచిగా ఉందని అర్థం. ఆ సంగతి సుమియె ఎప్పుడో మర్చిపోయాననుకుంది. చేతికి గుర్తుంది.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. గబగబా ఫోన్ తీసి ఏదో కొట్టి, జపాను అక్షరాల్లోకి మార్చి చూపించింది. "నా పేరు ఫిలోమెనా. పోర్చుగల్ నుంచి వచ్చాను. పుట్టుకతోనే వినపడదు. మా ఊళ్ళో రుచిగా ఉంటే చెవి పట్టుకుంటాం. మీ ఇంట్లో ఎవరికైనా వినపడదా?"

సుమియె ఫోన్ అందుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాసింది. "చెల్లెలు. పేరు చిజు. పోయి మూడేళ్ళయింది."

చిజుకు రెండో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పుడు సుమియెకు ఆరేళ్ళు. తల్లి అంతకు ముందే కన్నుమూసింది. తండ్రి చెడ్డవాడేం కాదు గానీ, తాగడానికి వచ్చిన మనిషి ముందు మూగపిల్ల నిలబడితే వాడి సంతోషం చెడుతుందని నమ్మాడు. అందుకే వంటగదికి తెర కట్టాడు. చిజు తెర వెనక, సుమియె తెర ముందు.

ఏడో ఏట చిజును దూరంగా, వినపడని పిల్లల బడిలో చేర్చారు. ఆ రోజుల్లో అక్కడ చేతులు కదపనిచ్చేవారు కాదు. అద్దం ముందు కూర్చోబెట్టి, పెదవులు చూసి మాట పోల్చుకోవడం, తనకు వినపడని గొంతుతో పలకడం నేర్పేవారు. పిల్లలు మాత్రం రాత్రిళ్ళు వసతి గదిలో పెద్దపిల్లల చేతులు చూసి అసలు మాట నేర్చుకునేవారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చిజు ఆ మాటను దుప్పటి కింద టార్చిలైటు వెలుతురులో అక్కకు నేర్పింది. చేప, వాన, నాన్న, తాగుబోతు, రుచి. పది పదిహేను నేర్చుకుని ఉంటుంది సుమియె. ఒకరోజు దుకాణం ముందు ఇద్దరూ చేతులాడిస్తుంటే తండ్రి చూసి చిజు వేళ్ళ మీద కొట్టాడు.

"నలుగురూ చూస్తే ఏమంటారు? కోతుల్లాగా! పెద్దదానివి, నీకైనా బుద్ధి ఉండక్కర్లా?" అని సుమియెను తిట్టాడు.

దెబ్బలు తిన్నది చిజు. మానేసింది సుమియె. చెల్లెలు చేతులు ఎత్తితే చాలు, తను ముఖం తిప్పుకునేది. కొన్నాళ్ళకు చిజు కూడా ఎత్తడం మానేసింది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా కాగితం ముక్కలే నడిచాయి. స్క్విడ్ రెండు. కానాగంత కాల్చినది మూడు. బియ్యం కడుగు. తెర సందులోంచి కాగితం లోపలికి వెళ్ళేది, పళ్ళెం బయటికి వచ్చేది. సుమియెకు పెళ్ళయింది, ఐదో ఏట మొగుడు దూరపు సముద్రాల పడవెక్కి వేరే రేవులో వేరే కాపురం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. ఆమెకు ముప్పై ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఇక అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. చిజు నెలలో రెండో ఆదివారం మంచి చొక్కా వేసుకుని బస్సెక్కి ఊళ్ళో ఏదో సంఘానికి వెళ్ళొచ్చేది. అక్కడ ఏం చేస్తారని సుమియె ఏనాడూ అడగలేదు. కూర్చుని అల్లికలు అల్లుకుంటారు కాబోలు అనుకునేది.

చిజుకు ముప్పై ఐదేళ్ళప్పుడు వాకుయి అనే మనిషి దుకాణానికి వచ్చాడు. దర్జీ. ఆయనకూ వినపడదు. తానే కుట్టుకున్న సూటు వేసుకుని, పెళ్ళి మాట ఉత్తరంలో రాసుకుని తెచ్చి, వంగి రెండు చేతులతో సుమియెకు అందించాడు. సుమియె చదివి, మర్యాదగానే దండం పెట్టి పంపేసింది. చిజు వెళ్ళిపోతే తెర వెనక ఎవరు? ఆ సాయంత్రం కాగితం మీద "ఇప్పుడు కుదరదు" అని రాసి తెర సందులో పెట్టింది. కాసేపటికి లోపలి నుంచి కాల్చిన స్క్విడ్ పళ్ళెం వచ్చింది, ఎప్పటిలాగే.

మరో పాతికేళ్ళు అలాగే నడిచింది.

ఇదంతా సుమియె ఫోన్‌లో రాయలేదు. రాసింది నాలుగు ముక్కలే. ఫిలోమెనా చదివి, సుమియె ముఖం చూసి, ఇంకేం అడగలేదు. బాధ తేలిక చేయాలనుకుందో ఏమో, తన ఇంటి సంగతి చేతులతో చెప్పడం మొదలెట్టింది. వాళ్ళ అమ్మ కాబోలు, చెవులు బాగా వినపడే మనిషట, రొట్టెపిండి పిసుకుతోంది. పిల్ల వచ్చి ఏదో అడిగింది. అమ్మ పిండిచేతులతోనే జవాబు చెప్పింది. పిండి ఎగిరి నాన్న తల మీద పడింది, పిల్లి మీద పడింది. నాన్న తుమ్మాడు. నరూమి పొట్ట పట్టుకుని నవ్వాడు. సుమియె కూడా నవ్వింది, నవ్వుతూనే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వినే తల్లి, పిల్ల కోసం చేతుల మాట నేర్చుకుందన్నమాట. బల్ల మీదుగా వంగి ఫిలోమెనా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

ఫిలోమెనా మెల్లగా, నొప్పించకుండా, ఒక్కొక్క వేలే విడిపించుకుంది. ఫోన్ అందుకుని రాసి చూపించింది.

"ఏమీ అనుకోకండి. చేతులు పట్టుకుంటే నేను మాట్లాడలేను."

సుమియె ఆ అక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది. ఫోన్ బల్ల మీద పెట్టి, తెర తొలగించుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మూడేళ్ళ క్రితం చిజుకు కడుపునొప్పి వస్తే ఆస్పత్రిలో చూపించారు. డాక్టరు సంగతి సుమియెతోనే చెప్పాడు: కాన్సర్, ముదిరిపోయింది, నెలో రెండు నెలలో. డాక్టరు అడిగిన ప్రతిదానికీ సుమియే జవాబు చెప్పింది. నొప్పి ఉందా అంటే లేదంది. ఆమెకు చెప్పారా అంటే తల ఊపింది. చిజు చేతికి మాత్రం "అల్సర్. తగ్గిపోతుంది" అని కాగితం ఇచ్చింది. చివరి వారంలో చిజుకు కలం పట్టే ఓపిక పోయింది. చనిపోయే ముందు రోజు మధ్యాహ్నం దుప్పటి మీద ఆమె చేతులు కదిలాయి. నలభై యాభై ఏళ్ళ తర్వాత మొదటిసారి, అక్క వంక చూస్తూ, నెమ్మదిగా ఏదో చెప్పడం మొదలెట్టాయి. సుమియె చూసి, అవస్థ పడుతోందనుకుంది. "ఊరుకో చిజూ, ఊరుకో" అంటూ ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. చిజు విడిపించుకోవాలని చూసింది. సుమియె ఇంకా గట్టిగా పట్టుకుంది. చివరికి చిజు కళ్ళు మూసుకుంది.

ఇన్నాళ్ళూ సుమియె ఆ మధ్యాహ్నం తలచుకునే ఊరట పొందింది. ఆఖరి ఘడియల్లో చెల్లెలి చెయ్యి వదల్లేదని నలుగురికీ చెప్పుకుంది కూడా.

"అమ్మాయ్! చేప మాడుతోంది!" బయటి నుంచి నరూమి కేక వేశాడు. జవాబు లేకపోయేసరికి తనే లేచి బల్ల అవతలికి వెళ్ళి చేపను తిరగేశాడు. ఫిలోమెనాకు వడ్డించింది కూడా ఆయనే. ఆవిడ ఒక వైపు మాడిన ఆ చేపను ముల్లు మిగలకుండా తిని, చాలాసేపు ఎదురుచూసి, సుమియె బయటికి వచ్చాక లేచి నిలబడి లోతుగా వంగి నమస్కరించింది. తప్పు చేసినదానిలా ఉంది ఆమె ముఖం. సుమియె చెంప తట్టి చూపించింది. ఇంకేం చెప్పాలో ఆమె చేతులకు తెలియదు.

తలుపు మూసుకున్నాక నరూమి అన్నాడు. "నువ్వేం చేస్తావులే అమ్మాయ్. ఆ రోజులే అలాంటివి. మీ నాన్న..."

"నాన్న పోయి ముప్పై ఒక్క ఏళ్ళయింది బాబాయ్. వాకుయిని వెనక్కి పంపింది నాన్న కాదు."



తర్వాతి నెల రెండో ఆదివారం సుమియె బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళింది. సంక్షేమ భవనం మూడో అంతస్తులో పాతికమంది దాకా ఉన్నారు. అల్లికలు ఎక్కడా లేవు. గదినిండా చేతులు. ఒక మూల ఎవరో కథ చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు బల్లలు చరుస్తూ నవ్వుతున్నారు. చిజు అంత్యక్రియలకు వచ్చి వెనక వరసలో నిలబడిన ముఖాలు కొన్ని పోల్చుకుంది సుమియె. ఆ రోజు వీళ్ళకూ అందరికీ చెప్పిన మాటలే చెప్పి వంగి దండం పెట్టింది, అర్థమైందో లేదో చూడకుండా.

ఒబారా అనే నడివయసు ఆవిడ వచ్చి పలకరించింది. ఆవిడకు వినపడుతుంది, చేతుల మాటను నోటి మాటగా చెప్పడం ఆవిడ పని. వాకుయిని పిలుచుకొచ్చింది. బట్టతల వచ్చింది, సూటు మాత్రం ఇప్పటికీ చక్కగా కుట్టినదే. పక్కనే భార్య. ఆవిడకూ వినపడదు.

"చిజు అక్కగారా!" ఒబారా గొంతులోంచి వాకుయి మాట వచ్చింది. "కూర్చోండి. మీ దుకాణం మాకందరికీ తెలుసు. మూల కుర్చీలో ముక్కు గీరుకునే ముసలాయన ఇంకా వస్తున్నాడా?"

"నరూమి బాబాయా? వస్తాడు. మీకెలా తెలుసు?"

"చిజు చూపించేది. మీ దుకాణానికి వచ్చే ప్రతివాడినీ చేసి చూపించేది. తెర సందులోంచి అన్నీ చూసేది కదా. మీ చెల్లెలు మొదలెడితే మాకు పొట్టలు నొప్పిపుట్టేవి. అందరికీ పేర్లు పెట్టింది. నరూమికి ఇదీ..." ముక్కు గీరాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నెలల తరబడి కలిపి లెక్కేసినా తనకు ఇరవై మాటలు చెప్పని చెల్లెలు!

"నాకేం పేరు పెట్టింది?" అని అడిగింది సుమియె.

ఒబారా తటపటాయించింది. వాకుయి అటు తిరిగి, నడుం వెనక్కి చేతులు పెట్టి, ఏప్రను తాళ్ళు ముడివేస్తున్నట్టు చేసి చూపించాడు.

"మీ వీపు మీద ముడి," అంది ఒబారా మెల్లగా. "తెర సందులోంచి కనపడేది అదే కదండీ. తప్పుగా అనుకోకండి. కనపడేదాన్ని బట్టే పేర్లు పెట్టుకుంటారు వీళ్ళు."

సుమియె లేచి వాకుయి ముందు నడుం వంచింది. ఆ రోజు ఉత్తరం తిప్పి పంపింది తన స్వార్థం కోసమేనని, క్షమించమని అడగడానికి తనకు ముఖం లేదని చెప్పింది. ఒబారా చేతులు ఆ మాటలు చెప్పేదాకా వంగే ఉంది.

వాకుయి భార్య వంక ఒకసారి చూసి జవాబు చెప్పాడు. "నాకు చాలా కోపం వచ్చింది అప్పుడు. నాలుగేళ్ళకు ఈవిడ దొరికింది, పోయింది కోపం. చిజుకే ఎక్కువ రోజులు ఉంది. ఏడాదిపాటు మీతో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క కాగితం రాయలేదు. మా అందరికీ చెప్పి ఒట్టు పెట్టుకుంది. మీరు అడుగుతారని చూసింది. ఏడాది నిండాక ఆ మౌనం తనే మానేసింది."

ఆ ఏడాది ఎలా గడిచిందో సుమియె గుర్తుచేసుకోబోయింది. ఆ ఏడు స్క్విడ్ బాగా పడింది. దుకాణం కప్పు మార్పించారు. అంతకు మించి ఏమీ గుర్తురాలేదు. చెల్లెలు మాట్లాడటం లేదని ఆమెకు తెలియనే లేదు.

చివరగా ఒకటి అడగాలని ఉంది ఆమెకు. ఆస్పత్రి మంచం మీద చిజు చేతులు ఎలా కదిలాయో, తనకు గుర్తున్నంతలో వాకుయికి చేసి చూపించింది. కుడిచెయ్యి ఛాతీ దగ్గర. అక్కడి నుంచి ముందుకు, తన వైపు. ఆ తర్వాత ఎడమచెయ్యి లేచింది. అంతవరకే. ఆ తర్వాత తను పట్టేసుకుంది.

వాకుయి మళ్ళీ చేయమన్నాడు. చేసింది. భార్యను పిలిచి చూపించాడు, ఆవిడ మరో ఇద్దరిని పిలిచింది. వాళ్ళలో వాళ్ళు చాలాసేపు చేతులతో తర్జనభర్జన పడ్డారు. చివరికి వాకుయి తల అడ్డంగా ఊపాడు.

"అది మొదలు మాత్రమేనట," అంది ఒబారా. "అలా మొదలయ్యే మాటలు చాలా ఉన్నాయట. కోపంగానైనా కావచ్చు, ప్రేమగానైనా కావచ్చు, దాహమనైనా కావచ్చు. మిగతాది చూడకుండా చెప్పలేమంటున్నారు."

సుమియె తల ఊపింది. వాకుయి భార్య టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. అది చల్లారేదాకా ఆమె కప్పు ముట్టుకోలేదు.

అప్పటి నుంచి నెలలో రెండో ఆదివారం హమనాసు తెరవదు. నరూమి మొదట్లో సణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు. సుమియె వేళ్ళు ముదిరిపోయాయి, కీళ్ళనొప్పులు, ఒక సైగ నేర్చుకునేసరికి ఇంకోటి మర్చిపోతుంది. వాకుయి భార్య విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. ఏడాది తిరిగేసరికి వంద దాకా వచ్చాయి. ఇప్పుడు ఆమె చిన్న చిన్న మాటలు కలిపి అడగగలదు: ఎలా ఉన్నావు, అన్నం తిన్నావా, నొప్పి ఎక్కడ. ఇంట్లో అడగడానికి మాత్రం ఎవరూ లేరు.